గేరు మారనంటోందా?

వేసవి సెలవులు రాగానే మూలనున్న సైకిల్‌కి మంచిరోజులొస్తాయి. దుమ్ము దులిపి, గాలి కొట్టించి పిల్లాడు హుషారుగా ఎక్కుతాడు. తీరా చూస్తే గేరు లివర్ కదలదు. లేదంటే, నొక్కితే 'టిక్' అన్న చప్పుడైనా లేకుండా ఉత్తినే వెనక్కొస్తుంది. 'లివర్ పోయింది, కొత్తది వేయాల్సిందే' అనేస్తారు ఎవరో ఒకరు. కానీ చాలాసార్లు పాడైంది లివర్ కాదు... అందులోని గ్రీజు!

బొటనవేలితో నొక్కే ఈ లివర్ లోపల ఓ పళ్లచక్రం, దాన్ని పట్టుకునే చిన్న కొక్కెం, స్ప్రింగూ ఉంటాయి. నొక్కినప్పుడల్లా కొక్కెం ఒక పంటిని పట్టి తిప్పుతుంది. దాంతో కేబుల్ కాస్త కదిలి, గొలుసు పక్క చక్రం మీదికి మారుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గ్రీజు ఎండి జిగురులా తయారవుతుంది. అందులో అతుక్కుపోయిన కొక్కేన్ని కదిలించే బలం ఆ చిన్న స్ప్రింగుకి ఉండదు.

తప్పెవరిది?

సైకిల్ ఆగి ఉన్నప్పుడు గేరు సరిగా మారదు. అందుకే వెనక చక్రం పైకెత్తి, పెడల్ తిప్పుతూ లివర్ నొక్కి చూడాలి. అప్పటికీ మారకపోతే వెనక డిరైలర్ దగ్గర కేబుల్ బోల్టు వదులు చేసి, కేబుల్ కొసని చేత్తో లాగిపట్టి మళ్లీ నొక్కాలి. టిక్ టిక్‌మంటే లివర్ బాగున్నట్టే. తుప్పుపట్టిన కేబుల్‌నీ దాని గొట్టాన్నీ మార్చాలి. డిరైలర్ కీళ్లు బిగుసుకున్నాయేమో కూడా చూడాలి. టిక్‌మనకపోతే గ్రీజుని అనుమానించొచ్చు.

అప్పుడు డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేని సన్నని గొట్టంతో లివర్ సందుల్లోకి కొట్టి, పావుగంట ఆగి, పదేపదే నొక్కుతుండాలి. ఒకటి రెండుసార్లతో విసిగి వదిలేయకూడదు. పాత గ్రీజు కరిగి కారాక గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు. స్ప్రే మాత్రం బ్రేకుల మీద పడకూడదు... సైకిల్ ఆగదు! లివర్‌ని పూర్తిగా విప్పే సాహసమూ వద్దు. స్ప్రింగు ఎగిరిపడితే మళ్లీ అమర్చడం కష్టం. కేబుల్ పోగులు తెగి లోపల ఇరుక్కున్నా, పళ్లు అరిగినా మెకానిక్‌కి చూపించాల్సిందే.

బాగయ్యేదాకా పిల్లల్ని రోడ్డు మీదికి పంపకపోవడమే మేలు. బరువు గేరులో ఇరుక్కున్న సైకిల్ ఎత్తు ఎక్కేటప్పుడు తూలి పడేస్తుంది. తొక్కినా తొక్కకపోయినా నెలకోసారి గేర్లన్నీ మార్చి చూస్తుంటే... వచ్చే సెలవులకి ఈ తంటా ఉండదు!