గురక: దంతవైద్యుని వలన కలుగు సాయము

మన నేత కుటుంబములలో గురకను జబ్బుగా ఎవరును ఎంచరు. "పగలంతయు మగ్గములో కూర్చున్నాడు, ఒళ్లెరుగక నిద్రపోవుచున్నాడు" అని ఇంటివారు తృప్తిపడుదురు. లేదా కుంభకర్ణుడని ఎగతాళి చేయుదురు. గురక పెట్టువారందరును రోగులు కారు, నిజమే. కాని గురక నడుమ నడుమ ఆగి, దానితో ఊపిరియు ఆగి, కొంతసేపటికి ఉలికిపాటుతో మరల అందుకొనుచున్నచో ఆ మనిషి గాఢముగా నిద్రించుట లేదు. రాత్రి పొడుగునా ఊపిరి కొరకు పెనుగులాడుచున్నాడు. దీనిని వైద్యులు స్లీప్ ఆప్నియా అందురు. ఈ జబ్బుగలవారిలో కొందరికి దంతవైద్యుని వలన మేలు కలుగునని మనలో చాలమంది ఎరుగరు. ఆ సంగతి తెలుపుటకే ఈ వ్యాసము.

ఊపిరి ఎట్లు ఆగును?

మెలకువగా నున్నప్పుడు గొంతులోని కండరములు బిగువుగా నుండి గాలిదారిని తెరచి యుంచును. నిద్రలో అవి వదులగును, నాలుక వెనుకకు జారును. ఇరుకైన దారిలో గాలి దూరునపుడు అచటి మెత్తని భాగములు అదరుటయే గురక. దారి పూర్తిగా మూసుకొనినచో రక్తములో ప్రాణవాయువు తగ్గును. అప్పుడు మెదడు తటాలున మేలుకొని గొంతును తెరిపించును. ఆ మెలకువ క్షణకాలమే గనుక తెల్లవారిన తరువాత జ్ఞాపకముండదు.

10 సెకండ్లు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగుటను, లేక బాగుగా సన్నగిల్లుటను ఒక్కొక్కటిగా లెక్కింతురు. గంటకు 5 మొదలు 15 లోపు అయినచో స్వల్పము, 15 మొదలు 30 లోపు మధ్యమము, 30 గాని అంతకు మించి గాని అయినచో తీవ్రము.

లావుగా నున్నవారికే ఇది వచ్చుననుకొనరాదు. క్రింది దవడ చిన్నదై వెనుకకు ఉన్నవారు సన్నగా నున్నను దీని పాలబడవచ్చును. స్త్రీలకు ముట్లుడిగిన తరువాత ఎక్కువగును. మద్యము, నిద్రమాత్రలు గొంతును మరింత వదులు చేయును. పిల్లలు రోజూ గురక పెట్టుచున్నచో టాన్సిల్స్ వాపు కారణము కావచ్చును గనుక చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

మన వృత్తికి నష్టము

రాత్రి నిద్ర చెడినవానికి పగలు మగ్గము మీదనే కునుకు వచ్చును. తెగిన పోగు కంటబడదు, బుటా తప్పును, అంచు చెడును. చీరలో దోషము పడినచో కూలి తగ్గును. ఇది చిన్న నష్టమే. మరమగ్గము వద్ద గాని, మరుగుచున్న రంగు కాగు వద్ద గాని, మోటారుసైకిలు మీద గాని కునుకు పట్టినచో ప్రాణమునకే ముప్పు. అంతేగాక ఈ జబ్బునకు రక్తపోటుతోను, గుండెజబ్బుతోను, పక్షవాతముతోను సంబంధము గలదు. మందులు వాడుచున్నను రక్తపోటు లొంగనివారు నిద్ర సంగతి కూడ వైద్యునికి చెప్పవలెను.

ఇంటిలోనే ఎనిమిది ప్రశ్నలు వేసికొనవచ్చును. గట్టిగా గురక పెట్టుదురా? పగలు అలసటగా నుండునా? ఊపిరి ఆగుట ఎవరైన చూచినారా? రక్తపోటు గలదా? శరీరము మిక్కిలి స్థూలముగా నున్నదా? వయస్సు 50 దాటినదా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించినదా? పురుషుడా? వీనిలో మూడింటికి అవునని జవాబు వచ్చినచో వైద్యుని చూడవలెను. కొలత టేపు మన ఇండ్లలో నుండునదే. ప్రక్కన పడుకొనువారి సాక్ష్యము అన్నిటికంటె ముఖ్యము. కావున భార్య గాని భర్త గాని వెంట వెళ్లుట మంచిది.

వైట్‌ఫీల్డ్‌లో గల సౌకర్యము

ధర్మవరము, హిందూపురము ప్రాంతముల నేతవారి బిడ్డలలో కొందరు నేడు బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లోని కంప్యూటరు కంపెనీలలో పనిచేయుచున్నారు. తల్లిదండ్రులు వారి యొద్దకు వచ్చి పోవుచుందురు. 1880 దశకములో మైసూరు మహారాజు ఇచ్చిన భూమిలో యూరేషియనుల పల్లెగా వెలసిన ఆ చోటు నేడు పెద్ద ఆసుపత్రులకు నిలయమైనది. 2001లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఆసుపత్రి మన తెలుగువారికి సుపరిచితమే. 2023 నుండి బెంగుళూరు ప్రధాన రైల్వేస్టేషను వద్దనే మెట్రో రైలెక్కి నేరుగా వైట్‌ఫీల్డ్ చేరవచ్చును. దారిలో ఒక స్టేషనుకు ఆ ఆసుపత్రి పేరే పెట్టినారు. అచటనే వైదేహి సంస్థవారి వైద్య కళాశాల, దంతవైద్య కళాశాల కూడ గలవు. ఈ జబ్బునకు వైద్యుడును దంతవైద్యుడును కలిసి పనిచేయవలసి యున్నందున ఇరువురును దగ్గర దగ్గరగా దొరకుట రోగికి మేలు.

అయితే వరుస తప్పరాదు. మొదట పోవలసినది వైద్యుని యొద్దకు. ఆయన రాత్రి నిద్రను పరీక్ష చేయించి, ఊపిరి గంటకు ఎన్నిసార్లు ఆగుచున్నదో తేల్చును. ఈ పరీక్ష ఆసుపత్రిలో చేయుదురు. కొందరికి చిన్న యంత్రమిచ్చి ఇంటిలోనే చేయింతురు. జబ్బు తేలకముందే పంటి పరికరము పెట్టించుకొన్నచో గురక చప్పుడు అణగి, జబ్బు లోలోపల మిగిలిపోవచ్చును.

దంతవైద్యుడు చేయునది

తీవ్రమైన జబ్బునకు ముఖ్యమైన చికిత్స సీపాప్ అను యంత్రము. 1981లో ఆస్ట్రేలియాలో సల్లివాన్ అను వైద్యుడును ఆయన తోడివారును దీనిని లోకమునకు తెలిపిరి. ముక్కుకు తొడుగు తగిలించి గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకొనకుండ చేయును. కాని రాత్రియంతయు తొడుగుతో నిద్రించుట కొందరికి సాధ్యము కాదు. అట్టివారికిని, జబ్బు స్వల్పముగా గాని మధ్యమముగా గాని ఉన్నవారికిని పంటి పరికరము ఉపయోగించును. 2015లో అమెరికాలోని నిద్రవైద్యుల సంఘము, దంతవైద్యుల సంఘము కలిసి ఇచ్చిన సూచనలలో కూడ, యంత్రము సరిపడనివారికి వైద్యుని సలహాపై దంతవైద్యుడు కొలతకు చేసిన పరికరము ఇవ్వవచ్చునని యున్నది.

దంతవైద్యుడు పై పండ్లకు, క్రింది పండ్లకు అచ్చు తీసి రెండు తొడుగులు చేయించును. రాత్రి వీనిని పెట్టుకొన్నచో క్రింది దవడ కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలుచును. దవడతో నాలుకయు ముందుకు వచ్చును, గొంతులో దారి విశాలమగును. పడుగును ఒక్కసారిగా లాగక కొంచెము కొంచెముగా బిగువు చేయునట్లే, దవడను కూడ కొన్ని వారములపాటు మెల్లమెల్లగా ముందుకు జరుపుదురు. అంగడిలో దొరకు ఒకే కొలత తొడుగులు దీనికి సాటిరావు.

ఇది అందరికిని పనికిరాదు. పండ్లు చాలవరకు ఊడినవారికి, చిగుళ్లజబ్బుతో కదలుచున్నవారికి, దవడ కీలు నొప్పి గలవారికి కష్టము. పొగాకు, గుట్కాలతో నోరు చెడినవారు ముందు చిగుళ్లకు వైద్యము చేయించుకొనవలెను. మొదట్లో దవడ నొప్పి, ఎక్కువ లాలాజలము, నోరెండుట ఉండవచ్చును. ఏండ్ల తరబడి వాడినచో పండ్ల వరుస కొంత జరుగవచ్చును. కావున దంతవైద్యునికి అప్పుడప్పుడు చూపుచుండవలెను. ముఖ్యముగా, పరికరము కుదిరిన తరువాత దానిని పెట్టుకొనియే మరల నిద్ర పరీక్ష చేయించుకొనవలెను. గురక తగ్గినంతమాత్రాన ఊపిరి ఆగుట తగ్గినదని నమ్మరాదు.

ఖర్చు విషయము ముందే మాటాడుకొనుడు. మొదటి పరీక్షకెంత, పరికరమునకెంత, తరువాతి రాకపోకలకెంత, రెండవ పరీక్షకెంత అని విడివిడిగా వ్రాయించుకొనుడు. పరికరము విరిగినచో బాగుచేయుట ఎవరి బాధ్యతయో అడుగుడు. నూలు కొనునపుడు మనము చూపు జాగ్రత్త ఇక్కడను అవసరము.

ఖర్చు లేని సాధనములు ఎవరైనను నేడే మొదలిడవచ్చును. వెల్లకిల కాక ప్రక్కకు తిరిగి పడుకొనుట, బరువెక్కినవారు బరువు తగ్గుట, మద్యము, పొగ మానుట మంచివి. మగ్గములో గంటల తరబడి కూర్చుండువారు ఉదయమో సాయంకాలమో నడవవలెను. జబ్బు తేలినవారు చికిత్స కుదురువరకు, ముఖ్యముగా నిద్రమత్తు ఉన్న వేళ, బండి నడపరాదు.

పండుగల గిరాకీ ముందర రాత్రింబవళ్లు నేయుట మనకు అలవాటు. మగ్గములో పోగు ఒకటి తెగినచో వెంటనే ఆపి ముడివేయుదుము. ఇంటిలో ఊపిరి తెగుచున్న మనిషి విషయమున అంతకంటె ఎక్కువ శ్రద్ధ చూపవలెను. నేటి రాత్రి మీ ఇంటి పెద్దల గురకను ఒకింత సేపు చెవియొగ్గి వినుడు. అది ఆగి ఆగి వచ్చుచున్నచో నవ్వి ఊరకుండక వైద్యుని యొద్దకు తీసికొనిపోవుడు.