అర్జీలో దాగిన ఆజ్ఞ

అలంపూర్ ఆలయములలోని శిలాశాసనములను ఈ ప్రాంతపు పంచాయతీ సభ్యులు చూచియే యుందురు. రాతిపై చెక్కిన దానమును ఎవరికిని తెలియకుండ మార్చుట సులభము కాదు. నేడు ఇంటి పన్ను, జనన మరణములు, పింఛనులు, ఉపాధి హామీ కూలీల వివరములు కంప్యూటరులలోని డేటాబేసులందున్నవి. 2020 ఏప్రిల్ 24 న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ ద్వారా పంచాయతీ పద్దులును అట్లే నడచుచున్నవి. ఇందువలన సౌకర్యము మెండు. అయితే ఇట్టి డేటాబేసులకు పొంచియున్న ఒక ప్రమాదమును సభ్యులెరుగుట అవసరము. దానిని 'ఎస్.క్యూ.ఎల్. ఇంజెక్షన్' అందురు.

పన్ను రసీదు కోరువాడు చీటిపై తన పేరు వ్రాసి యిచ్చును. గుమాస్తా ఆ పేరుగల పుట తీసి చూపును. ఒకడు పేరు వ్రాయవలసిన చోట "రామయ్య, మరియు ఊరివారందరి లెక్కలు నాకిమ్ము" అని వ్రాసెననుకొందము. గుమాస్తా నవ్వి ఆ చీటిని త్రోసివేయును. కంప్యూటరుకు ఆ వివేకము లేదు. ప్రోగ్రాము వ్రాసినవారు పేరును, ఆజ్ఞను ఒకే వాక్యముగా కూర్చినచో, పేరులో దాగిన మాటను సైతము అది యజమాని ఆజ్ఞగానే పాటించును. తాళము పగులదు, గోడకు కన్నము పడదు. కాని లెక్కలు బయటపడవచ్చును, మారిపోవచ్చును, సమూలముగా తుడిచివేయబడవచ్చును. ఒక వృద్ధురాలి పేరు పింఛను జాబితానుండి మాయమైనచో, ఆమె ఎవరి నడుగవలెను?

ఈ లోపము 1998 నుండి నిపుణులకు తెలిసినదే. అయినను 2023 మే నెలలో అమెరికా కంపెనీ తయారుచేసిన 'మూవిట్' అను సాఫ్ట్‌వేరులో ఇదే లోపము బయల్పడి, రెండు వేలకు పైగా సంస్థల సమాచారము దొంగల పాలయ్యెను. మన రాష్ట్రమునందును 2024 లో పోలీసు శాఖవారి 'హాక్ ఐ' ఆప్ నుండి సమాచారము తస్కరింపబడెను. దొంగ ఏ దారిన వచ్చినను, నష్టము పేర్లిచ్చిన ప్రజలదే.

దీనికి నివారణ కలదు. ఆజ్ఞను ముందుగనే వేరుగా నిర్ణయించి, ప్రజలు వ్రాసినదానిని కేవలము వివరముగానే స్వీకరించునట్లు ప్రోగ్రాము వ్రాయవలెను. ఇది నిపుణుల పని. అడుగుట మాత్రము సభ్యుల పని. పంచాయతీకి ఎవరైనను వెబ్‌సైటుగాని, సాఫ్ట్‌వేరుగాని చేసి యిత్తుమని వచ్చినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేయుడు: ఈ లోపము లేదని పరీక్ష చేయించితిరా? కొత్త సవరణలను వెంటనే చేర్తురా? చూచుటకు మాత్రమే అవసరమైన చోట మార్చు అధికారమును తొలగించితిరా? లెక్కల నకలు వేరుచోట భద్రపరచుచున్నారా?

ఏదైన అపాయము జరిగినచో దాచవలదు. 2022 నాటి ఆదేశముల ప్రకారము ప్రభుత్వ సంస్థలు ఇట్టి సంఘటనను తెలిసిన 6 గంటలలో కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెను. కావున కార్యదర్శి ద్వారా పై అధికారులకు తక్షణమే వార్త పంపుడు.

ఊరి లెక్క ఊరివారి సొత్తు. దాని కావలి భారము, రాతి కాలమునందువలెనే నేడును, ఊరి పెద్దలపైననే యున్నదని మేము మనవి చేయుచున్నాము.