పది సెంటీమీటర్లపై పసిడి

పిల్లల్ని శనివారాలు జిమ్నాస్టిక్స్ క్లాసుకు తీసుకెళ్లే మన తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన పేరు ఆలీచే డామాటో. ఇటలీలోని జెనోవాలో 2003లో పుట్టింది. ఆమె కవల సోదరి పేరు ఆసియా. ఇద్దరూ బ్రెషా నగరంలో కోచ్ ఎన్రికో కసెల్లా దగ్గర రాటుదేలారు. 2022లో నాన్న కన్నుమూశారు. గాయం వల్ల ఆసియా 2024 పారిస్ ఒలింపిక్స్‌కు దూరమైంది. ఆలీచే చెల్లెలో, అక్కో పక్కన లేకుండానే బరిలో దిగింది.

జట్టుకు రజతం వచ్చింది. ఇటలీ మహిళల జట్టుకు 1928 తర్వాత అదే తొలి ఒలింపిక్ పతకం. కానీ ఆల్‌రౌండ్‌లో ఆలీచేకి కేవలం 0.132 పాయింట్ల తేడాతో కాంస్యం చేజారింది.

నాలుగు రోజులకే, ఆగస్టు 5న, బ్యాలెన్స్ బీమ్ ఫైనల్. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లే. సైమన్ బైల్స్, సునీసా లీ వంటి మేటి జిమ్నాస్టులే జారి పడ్డారు. ఆలీచే నిలబడింది. 14.366 స్కోరుతో స్వర్ణం గెలిచింది. ఒలింపిక్ జిమ్నాస్టిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం సాధించిన తొలి ఇటలీ మహిళ ఆమే.

పోటీలో వెనకబడి ముఖం వేలాడేసిన పిల్లలకు మార్కులు, ర్యాంకుల లెక్క చెప్పే ముందు, ఆ నాలుగు రోజుల కథ చెబుదాం.