శీతలయంత్రములో కవాటదోషము

మూసీనదిపై 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున కట్టిన వంతెన పురానాపూల్. ఆ వంతెన పేరనే పిలువబడు పేటలో పాలు, మాంసము, ఐస్‌క్రీము అమ్ముకొను చిన్న వర్తకులకు శీతలయంత్రమే సరుకుకు రక్ష. ఎండ 40 డిగ్రీలు దాటిన దినమున ఒక్కొక్కపుడు యంత్రము తిరుగుచునే యుండును, పెట్టె మాత్రము చల్లబడదు. గ్యాసు తగ్గినదని తలచి మరికొంత నింపుట పరిపాటి. దోషము కవాటములో నున్నచో ఆ ఖర్చు వ్యర్థము, సరుకు కూడ పాడగును. ఈ రెండు దోషములను వేరుపరచుట ఎట్లు?

కంప్రెసరు ఒక పంపు. పిస్టను దిగునపుడు చూషణ కవాటము తెరచుకొని చల్లని ఆవిరి సిలిండరులోనికి వచ్చును. పిస్టను లేచునపుడు అది మూసికొని, నిర్గమ కవాటము తెరచుకొనును. ఒత్తబడి వేడెక్కిన ఆవిరి కండెన్సరుకు పోవును. ఈ కవాటములు పలుచని ఉక్కురేకులు. వాటిని కదల్చునది పీడనభేదమే. నిమిషమునకు 1440 చుట్లు తిరుగు యంత్రములో ఒక్కొక్క రేకు సెకనుకు 24 మారులు, పది గంటలలో 8,64,000 మారులు తెరచుకొనును. అది చెడుటకంటె, ఏండ్ల తరబడి నిలుచుటయే వింత!

బోరింగులో వాషరు అరిగినచో పిడి తేలికగా ఆడును గాని నీరు సరిగా రాదు. ఇక్కడను అంతే. ఒత్తిన ఆవిరి వెనుకకు జారుటచే చూషణపీడనము పెరుగును, నిర్గమపీడనము తగ్గును; మోటారు తీసికొను విద్యుత్తు కూడ సాధారణముగా తగ్గును. గ్యాసు తక్కువైనపుడో, రెండు పీడనములును తగ్గును. కీలక మిదియే.

ఉదాహరణకు, ఆర్-134ఎ అను ద్రవము మైనస్ 10 డిగ్రీల వద్ద మరుగునపుడు పీడనము సుమారు 2 బార్లు. దాని ఆవిరి 50 డిగ్రీల వద్ద ద్రవించునపుడు సుమారు 13 బార్లు. (గేజి చూపు అంకెకు వాయుమండల పీడనమగు 1 బారును కలుపగా వచ్చినవి ఈ లెక్కలు.) ఇవి 4, 11 అయినచో కవాటమును అనుమానింపవలెను, 1, 11 అయినచో గ్యాసును.

చెడినది ఏ కవాటము? విప్పుటకు వీలైన కంప్రెసరులో, నిపుణుడు చూషణమార్గమును మూసి యంత్రమును కొద్దిసేపు నడపును. చూషణపీడనము దిగనే దిగనిచో చూషణ కవాటము అనుమానాస్పదము. దిగి, యంత్రము ఆపగానే వేగముగా పెరిగినచో నిర్గమ కవాటము కారుచున్నదనవచ్చును. అపుడు అదే ఆవిరి మరల మరల ఒత్తబడుటచే సిలిండరు తల మితిమీరి వేడెక్కును. అయితే పిస్టను రింగులు అరిగినను ఇట్టి లక్షణములే కనబడును. కావున తొందరపడి తీర్పు చెప్పరాదు. అతికి మూసివేసిన చిన్న కంప్రెసరులలో రేకు మార్చు వీలు లేదు, యంత్రమునే మార్చవలెను.

రేకును విప్పి చూచినపుడు కారణము కూడ తెలియును. నల్లని మసి పట్టినచో అతివేడికి నూనె మాడినదని అర్థము; కండెన్సరుకు పట్టిన దుమ్మును ముందు దులుపవలెను. రేకు విరిగియున్నచో, ఆవిరికి బదులు ద్రవము సిలిండరులోనికి వచ్చియుండవచ్చును. విరిగిన ముక్క దొరకువరకు సిలిండరును, నిర్గమగొట్టమును వెదకనిదే క్రొత్త రేకు బిగింపరాదు.