అలాస్కా ఇంజిన్‌... పాకాల రైలు!

తిరుపతి నుంచి పాకాల, పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరం... ఒకప్పుడు ఈ దారిలో నడిచినవి మీటర్‌గేజ్‌ రైళ్లే. పట్టాల మధ్య దూరం సరిగ్గా మీటరు. ఇప్పుడా మార్గమంతా బ్రాడ్‌గేజే. ఆ చిన్నరైలును లాగిన డీజిల్‌ ఇంజిన్‌ను మనవడికి చూపించాలంటే ఏం చేయాలి? నమూనా కొందామన్నా బొమ్మల దుకాణంలో అడగ్గానే దొరికేది కాదది.

అలాంటివారి కోసమే ‘కిట్‌బ్యాషింగ్‌’. మార్కెట్లో దొరికే మోడల్‌ ఇంజిన్ల విడిభాగాలను కోసి, కలిపి, మార్చి... ఏ కంపెనీ చేయని ఇంజిన్‌ను సొంతంగా తయారుచేసుకోవడమన్నమాట.

చుట్టం దొరికింది!

మీటర్‌గేజ్‌ డీజిల్‌ ఇంజిన్లలో బాగా తెలిసింది వైడీఎం-4. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్‌. తర్వాత వారణాసిలోనూ తయారైంది. కూనూరు నుంచి ఊటీకి బొమ్మరైలును తీసుకెళ్లే డీజిల్‌ ఇంజినూ ఈ రకమే. దీనికి దగ్గరి చుట్టం ఎక్కడుందో తెలుసా... అలాస్కాలో! అక్కడి వైట్‌పాస్‌ అండ్‌ యూకాన్‌ రైల్వే 1969లో కొన్న ఇంజిన్లదీ ఆల్కో డిజైనే. రెండింటికీ ఆరు సిలిండర్లే. కింద చక్రాలూ మూడేసి ఇరుసులకు ఒక జట్టు చొప్పున రెండు జట్లు.

ఆ అలాస్కా ఇంజిన్‌ నమూనాను జర్మనీకి చెందిన ఎల్‌జీబీ తయారుచేసింది. ఈ రకం బొమ్మ పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. దాన్ని 22.5తో గుణిస్తే దాదాపు మీటరు! అలాస్కాలో అసలు పట్టాల వెడల్పు మూడడుగులే. అంటే సొంత రైలుకి కాస్త వదులైన కొలత పాకాల రైలుకి అతికినట్టు సరిపోతుందన్నమాట. ఈ లెక్కన అయిదడుగుల ఏడంగుళాల డ్రైవరు ఏడున్నర సెంటీమీటర్లుంటాడు.

కోసే ముందు...

మోటారు, చక్రాలున్న కింది భాగాన్ని కదపరు. పని అంతా పై పెంకుమీదే. సన్నటి పళ్ల రంపంతో క్యాబిన్‌ను వేరుచేసి, మన ఇంజిన్‌కుండే ముక్కునీ పొడవాటి హుడ్‌నీ ప్లాస్టిక్‌ షీట్లతో కడతారు. అతుకుల్ని పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమర్‌ వేశాకే రంగు. కప్లింగ్‌నీ మార్చాలి. మన మీటర్‌గేజ్‌ రైళ్లకు పక్క బఫర్లుండవు, మధ్యలో ఒక్కటే. ఖరీదైన మోడల్‌ కాబట్టి ఒక్క కోత తప్పితే అంతే సంగతులు. అందుకే ముందు అట్టముక్కలతో నమూనా చేసి చూసుకోవడం మంచిది.

వీటన్నిటికన్నా కష్టమైంది ఆధారాలు సంపాదించడం. మెట్లు ఎక్కడ, కిటికీ ఎంత, రంగు ఏ ఛాయ... పాత ఫొటోలే చెప్పాలి. ప్లాట్‌ఫాం మీద దిగిన కుటుంబం ఫొటోలో వెనకాల ఇంజిన్‌ కాస్త కనపడినా చాలు. ఆ ఫొటోలు చెదలు పట్టిపోతే, ఆ రైలెక్కినవాళ్ల జ్ఞాపకం చెదిరిపోతే, చూసి చేయడానికి ఏమీ మిగలదు.

కాబట్టి రంపం కన్నా ముందు, అటకమీదున్న ఆల్బమ్‌ దించండి!