దీపధారిణి చేతి లెక్కల పుస్తకము

ఫ్లారెన్సు నైటింగేల్ పేరు వినగానే దీపము పట్టిన మూర్తి మన కన్నుల ముందు నిలుచును. ఆమెకు లెక్కల పుస్తకము కూడ అంతటి ఆయుధమే యని చెప్పుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

1854లో క్రిమియా యుద్ధకాలమున ఆమె స్కుటారీ సైనిక వైద్యశాలకు చేరెను. అచ్చట గాయములకంటె కలరా, టైఫస్, విరేచనములే సైనికులను ఎక్కువగా బలిగొనుచుండెను. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘము మురుగుకాలువలను, గాలి వచ్చు దారులను బాగుచేసిన పిమ్మట మరణములు తగ్గెను. స్వదేశమునకు మరలి ఆమె, గణాంకవేత్త విలియం ఫార్ సహాయముతో, ఆ లెక్కలను రంగుల పటములుగా గీయించి పాలకుల ముందుంచెను.

ఆ పుస్తకము స్థానమున నేడు కంప్యూటరు నిలిచినది. ఈ విద్యకు నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ అని పేరు. 1992లో అమెరికను నర్సుల సంఘము దీనిని ప్రత్యేక శాఖగా గుర్తించెను. మందు ఇచ్చుటకు ముందు రోగి చేతిపట్టీ మీది బార్‌కోడును, మందు పొట్లము మీది బార్‌కోడును యంత్రమునకు చూపినచో, మనిషి, మందు, మోతాదు, వేళ సరియైనవో కావో అది తెలుపును.

అయితే హెచ్చరికలు మితిమీరినచో సిబ్బంది వానిని చదువకయే త్రోసివేయుదురు. ఇచ్చటనే హెడ్ నర్సు నేర్పు అవసరము. ఒకే వార్డులో, ఒకే వేళ హెచ్చరికలు త్రోసివేయబడుచున్నవని లెక్కలు చెప్పినపుడు ఆమె రెండు విధములుగా అడుగవచ్చును. "ఎవరు చేసినారు?" అన్నచో అందరును మౌనము వహింతురు. "ఎందుచేత జరిగినది?" అన్నచో డ్యూటీ మారు వేళ తొందర, చేతుల కొరత, ఒకే తీరుగా కనబడు సీసాలు బయటపడును.

1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ప్రకటించిన నివేదిక కూడ, పొరపాట్లకు వ్యక్తుల దోషముకంటె వ్యవస్థల లోపమే ప్రధాన కారణమని తేల్చెను. శిక్షకు భయపడు వార్డులో పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా నుండును. ఖాళీ రిజిస్టరు భద్రతకు గుర్తు కాదు. భయమునకు గుర్తు కావచ్చును. తృటిలో తప్పిన ప్రమాదమును సైతము నిర్భయముగా వ్రాయు వార్డులోనే రోగి సురక్షితుడు.

2019 నుండి ఏటేట సెప్టెంబరు 17వ తేదీ ప్రపంచ రోగి భద్రతా దినముగా జరుగుచున్నది. పరిచర్యా వృత్తిలో ప్రవేశింపగోరు మన సోదరీసోదరులు సూది వేయుటతోబాటు లెక్క చదువుటను కూడ అభ్యసింతురు గాక. అందుకు వలసిన గణాంక, కంప్యూటరు బోధనకు కళాశాల సంఘమువారు తోడ్పడవలెనని మా విన్నపము. దీపము రోగిని చూపును. లెక్క ప్రమాదమును చూపును. రెండును ఒక్క చేతిలో నుండవలెను.