పాలు పడలేదా... కంగారొద్దు!

కాన్పయి రెండ్రోజులు కూడా కాలేదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చూడ్డానికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట... 'పాలు పడలేదేమోనమ్మా, డబ్బాపాలు తెప్పించండి'. కుట్ల నొప్పితో ఉన్న బాలింతకి ఉన్న ధైర్యం కాస్తా పోతుంది.

నిజానికి మొదట్లో వచ్చేవి ముర్రుపాలు. చెంచాలతో కొలిచేంతే ఉంటాయి. ఆ బుల్లి పొట్టకీ అంతే కావాలి. పాలు నిండుగా రావడం రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ఎన్ని ఇళ్లలో ఈ కంగారో ఊహించుకోవచ్చు! ఈలోగా డాక్టర్ చెప్పకుండానే డబ్బాపాలు పట్టేస్తే బిడ్డ రొమ్ము తాగడం తగ్గిస్తుంది. తాగకపోతే పాలు ఊరవు. అలా లేని కొరత నిజంగానే వచ్చి కూర్చుంటుంది.

ఇక చనుమొనల పగుళ్లు. చాలాసార్లు ఇబ్బందంతా బిడ్డ నోరు పట్టే తీరులోనే ఉంటుంది. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకి ఆనాలి. రాత్రీపగలూ కలిపి 8 నుంచి 12 సార్లు పట్టాలి. తేనె నాకించే సరదా మాత్రం ఏడాది దాకా వద్దు.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, తడిసిన గుడ్డల్ని బట్టి చూడండి. ఐదో రోజు దాటాక రోజుకి ఆరైనా ఉండాలి. మొదట కాస్త తగ్గిన బరువు రెండు వారాల్లో తిరిగి రావాలి. బిడ్డ మత్తుగా పడుకుని పాలకి లేవకపోయినా, ఒళ్లు పచ్చబడుతున్నా, తల్లికి రొమ్ము ఎర్రబడి జ్వరమొచ్చినా ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.